కూతురి సంతకం





తెల్లవారకముందే గురుద్వారాల్లో ఆసా దీ వార్ కీర్తన మొదలవుతుంది. ఢిల్లీలో బంగ్లా సాహిబ్‌కో, చాందినీ చౌక్‌లోని సీస్ గంజ్ సాహిబ్‌కో ఆ వేళకు వెళ్లినవారికి ఇది తెలిసిన సంగతే. భాష అర్థం కాకపోయినా ఆ రాగం దగ్గర కాసేపు కూర్చుని, లంగర్‌లో ప్రసాదం తీసుకుని వెళ్లే తెలుగువాళ్లు మాకు తరచుగా కనిపిస్తుంటారు. ఆ వార్‌లో గురునానక్ దేవ్ జీ ఒకచోట స్త్రీ గురించి మాట్లాడతారు. ఆమెను తక్కువచేసి మాట్లాడే నోటిని నిలదీస్తారు. ఇల్లు గానీ, వంశం గానీ, రాజ్యం గానీ ఆమె లేకుండా ఏది నిలిచిందో ఆలోచించమంటారు.

ఇది సుమారు ఐదువందల ఏళ్లనాటి వాక్కు. రోజూ చెవిన పడే వాక్కు. ఇప్పుడు ఒక లెక్క వినండి. 2001 జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు పిల్లలను మతాలవారీగా చూస్తే, సిక్కుల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 786 మందే ఉన్నారు. దేశం మొత్తానికి ఆ సంఖ్య 927. ఏ ఇతర మతంలోనూ అంత తక్కువ లేదు. గురువు మాట వినే చెవులు ఉన్న ఇళ్లలోనే, ఆడపిల్లను వద్దనుకునే మనసు కూడా ఉన్నదన్నమాట. ఆ చెవికీ ఆ మనసుకూ మధ్య ఇంత దూరం ఎలా వచ్చిందో చూద్దామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బీదరికం వల్ల జరిగిందంటే ఒప్పుకోలేం. అదే 2001లో పంజాబ్‌లో 798, హర్యానాలో 819, ఢిల్లీలో 868. పంటలు బాగా పండిన నేలలు, ట్రాక్టర్లు కొన్న ఊళ్లు, రాజధాని నగరం. మన తెలుగు నేల సంగతి అడుగుతారేమో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు 961 ఉండేది. పదేళ్ల తర్వాత 2011లో 939కి దిగింది. ఆ పదేళ్లలో మన ఊళ్లలో బడులు పెరిగాయి, రోడ్లు పడ్డాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి. ఆడపిల్లల సంఖ్య మాత్రం తగ్గింది. కాబట్టి ఇది ఉత్తరాదివాళ్ల జబ్బు, మనకు అంటదు అనుకుని తెలుగువాళ్లు నిశ్చింతగా ఉండటానికి లేదు.

డబ్బు ఈ పనికి అడ్డుపడలేదు, సాయపడింది. కడుపులో బిడ్డకు లోపాలేమైనా ఉన్నాయా అని చూడటానికి వచ్చిన పరీక్షలు 1970లు, 80లలో ఆడపిల్లను కనిపెట్టి తొలగించే పరీక్షలుగా మారిపోయాయి. ఇప్పుడు కొన్ని వందలు ఖర్చు పెడితే రేపు కట్నం కింద వేలకు వేలు మిగులుతాయనే అర్థం వచ్చే ప్రకటనలు గోడల మీద, పత్రికల్లో కనిపించేవి. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చింది, 1996లో అమల్లోకి వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. సిక్కు పంథ్‌లో ఈ నిషేధం కొత్తదేమీ కాదు. కూతురిని చంపినవారితో పొత్తు పెట్టుకోవద్దని ఖాల్సా రహిత్‌లో ఆనాడే ఉంది. 1945లో ఆమోదం పొందిన సిక్కు రహిత్ మర్యాదలోనూ ఉంది. 2001లో అకాల్ తఖ్త్ నుంచి భ్రూణహత్యకు వ్యతిరేకంగా ఆదేశం వెలువడింది. చట్టం ఉంది, రహిత్ ఉంది, తఖ్త్ మాట ఉంది. అయినా ఆ మనసు అంత తేలికగా లొంగలేదు.

ఎందుకు లొంగలేదు? మా కూతురంటే మాకు ఇష్టం లేదు అని చెప్పే తల్లిదండ్రులు ఎవరూ మాకు ఎదురుకాలేదు. ఇష్టం ఉంటుంది. దాని కింద మరొక లెక్క నడుస్తుంటుంది. పంజాబీలో, హిందీలో కూతురిని పరాయా ధన్ అంటారు, అంటే పరాయివాళ్ల సొమ్ము. తెలుగులో మనం ఇంకా చమత్కారంగా చెప్పుకున్నాం, ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదని. రెండు భాషలు, ఒకటే మనసు. చిన్నప్పటి నుంచి నవ్వుతూనే ఈ మాట అంటూ ఉంటే, పిల్ల కూడా నవ్వుతూనే దాన్ని నమ్ముతుంది.

గుర్బాణీలో హౌమై అనే మాట ఉంది. దాన్ని అహంకారం అని తెలుగులోకి మార్చేస్తుంటారు గానీ, అది సరిపోదని మా అభిప్రాయం. హౌమై అంటే 'నేను', 'నాది' అని మనసు తన చుట్టూ గీసుకునే గీత. గొప్పలు చెప్పుకునేవాడిలోనే కాదు, నెమ్మదస్తుడిలోనూ ఉంటుంది. కొడుకు ఆ గీతకు లోపల ఉంటాడు, ఎందుకంటే నా పేరు, నా ఇల్లు, నా ముసలితనం అతనితో ముడిపడి ఉన్నాయి అనుకుంటాం. కూతురు గీత మీద నిలబడి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ బయటే. ఆ గీత ఒకసారి పడ్డాక మిగతావన్నీ దాన్నిబట్టే నడుస్తాయి. ఆమె చదువు మీద పెట్టేది పక్కింటి పెరట్లో మొక్కకు పోసిన నీళ్లవుతుంది. ఆమె పెళ్లికి పెట్టేది అప్పగింత ఖర్చవుతుంది. ఆమె అభిప్రాయం చుట్టపుచూపుగా వచ్చినవారి అభిప్రాయమవుతుంది. భారత ప్రభుత్వ ఆర్థిక సర్వే 2017-18లో, కొడుకు పుట్టేదాకా కంటూ పోయే కుటుంబాల్లో, అక్కర్లేదనుకుంటుండగా పుట్టిన ఆడపిల్లలు దేశంలో 2.1 కోట్ల మంది ఉంటారని అంచనా వేశారు. వాళ్లంతా పుట్టారు, పెరుగుతున్నారు. ఇంట్లో అన్నం పెట్టారు, ముద్దూ చేశారు. కానీ ఎవరి కోసమో ఎదురుచూస్తుంటే తాను వచ్చిందని ఆ పిల్లకు ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. బంధువులు తెలియజేస్తారు కూడా.

మగవాళ్లకు ఇందులో సుఖమేమైనా ఉందా అంటే అదీ అంతంతమాత్రమే. ఇంటి పేరు, ఇంటి అప్పు, చెల్లెళ్ల పెళ్లిళ్లు అన్నీ నీవేనని చిన్నప్పుడే ఒక కుర్రవాడి భుజాన పెడతాం. ఉద్యోగం పోయినా భార్యకు చెప్పుకోలేక రోజూ టిఫిన్ బాక్సుతో బయల్దేరి సాయంత్రం దాకా పార్కుల్లో కూర్చునేవాళ్లు ఈ ఢిల్లీలో ఉన్నారు. అదీ ఆ గీత చేసిన పనే.

గురువు మూడు పనులు చెప్పారు: నామ్ జపనా, కిరత్ కర్నా, వండ్ ఛక్నా. దేవుణ్ని తలుచుకో, ఒళ్లు వంచి నిజాయితీగా పనిచెయ్యి, వచ్చింది పంచుకుని తిను. కిరత్ అనగానే మన కళ్ల ముందు జీతం తెచ్చేవాడు కనిపిస్తాడు. 2019లో దేశవ్యాప్తంగా మనుషులు రోజు ఎలా గడుపుతున్నారో ప్రభుత్వం సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉంటున్నారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. చేసే మగవాళ్లే నూటికి ఇరవైఆరుగురు. 2024లో మళ్లీ చూస్తే ఆ నిమిషాలు 289, 88 అయ్యాయి. రెండూ కొంచెం తగ్గాయి, తేడా మాత్రం ఉన్నచోటే ఉంది. దాదాపు ఐదు గంటల కిరత్‌ను కిరత్ అనకుండా, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ" అని చెప్పుకుంటాం. ఉంటుంది, నిజమే. కూర్చుని మాత్రం ఉండదు.

గడప దాటి బయటకు వచ్చినా ఆ గీత వెంటే వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త ఒక పరిశోధన చేశారు. మంచి కాలేజీలో సీటు వచ్చే మార్కులున్నా, దారి భయం తక్కువగా ఉంటుందని అంతకన్నా తక్కువ స్థాయి కాలేజీని ఎంచుకునే అమ్మాయిలు చాలామంది ఉన్నారని అందులో తేలింది. దారిలో భయం కాస్త తగ్గుతుందంటే ఏడాదికి పద్దెనిమిది వేల రూపాయలకు పైగా ఎక్కువ ఖర్చుకు సిద్ధపడుతున్నారు. అబ్బాయిలకు ఈ లెక్క అవసరం రాదు. బస్సులో ఒకడి చెయ్యి ఇంకొకరి కూతురి చదువును, ఆ చదువు మీద ఆమె రేపటి జీతాన్ని ఎలా తగ్గిస్తుందో చూడండి. మెట్రోలో స్త్రీలకు ప్రత్యేక పెట్టె 2010 అక్టోబరులో పెట్టారు. 2019 అక్టోబరు 29 నుంచి ఢిల్లీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం చేశారు. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత బస్సు వచ్చింది. వీటిమీద వేళాకోళాలు మనం వింటూనే ఉన్నాం. బస్సు చార్జీకి మొగుణ్ని అడగాల్సిన అవసరం తప్పిన ఇల్లాలు మాత్రం వేళాకోళం చేయడం మేము వినలేదు.

ఒక్క మంచి మాట కూడా ఇక్కడే చెప్పాలి. రెండువేల దశకం మొదట్లో ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్లలో రాబర్ట్ జెన్సన్ అనే పరిశోధకుడు ఒక ప్రయత్నం చేశారు. 160 ఊళ్లు తీసుకుని, అందులో 80 ఊళ్లకు మూడేళ్లపాటు కాల్ సెంటర్ ఉద్యోగాల నియామకాలు చూసేవాళ్లను పంపి, ఇంగ్లీషు, కంప్యూటర్ వస్తే అమ్మాయిలకు ఉద్యోగాలున్నాయని చెప్పించారు. అంతే, డబ్బు పంచలేదు, ఉపన్యాసాలివ్వలేదు. ఆ ఊళ్లలో అమ్మాయిలు తొందరపడి పెళ్లి చేసుకోవడం తగ్గింది. ఇంకా ముఖ్యమైనది, ఆ ఊళ్లలో చిన్నపిల్లలు, అంటే ఐదు నుంచి పదిహేనేళ్ల ఆడపిల్లలు, ఎక్కువమంది బడికి వెళ్లారు, వాళ్ల ఒంటి బరువు కూడా మెరుగుపడింది. అంటే కంచంలో అన్నం పెరిగింది. కూతురు రేపు సంపాదిస్తుందని తండ్రి మనసుకు తోచగానే ఈరోజు కంచం మారింది. ఇది సంతోషించాల్సిన విషయమే. అయితే సంపాదిస్తేనే కంచం నిండుతుందా అనే ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలదు. లంగర్‌లో పంక్తిలో కూర్చున్నవారిని నీ సంపాదన ఎంత అని ఎవరూ అడగరు కదా.

ఇక వండ్ ఛక్నా, పంచుకోవడం. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే గడియారాలు, గాజులు, చీరల దగ్గర ఉదారంగా ఉండే మనసు స్థలం, ఇల్లు దగ్గరకు వచ్చేసరికి మారిపోతుంది.

హిందూ వారసత్వ చట్టం సిక్కులకు కూడా వర్తిస్తుంది, ఇది చాలామందికి తెలియదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ, భార్యకూ వాటా ఉందని 1956 నుంచే ఉంది. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1980ల మధ్యలోనే చేసింది, అప్పట్లో పెళ్లికాని కూతుళ్లకు. దేశమంతటికీ, పెళ్లయినవారికి కూడా కలిపి, 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు హక్కేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చట్టం ఇంత దూరం వచ్చింది. ఆ చట్టాన్ని ఒక్క సంతకంతో వెనక్కి పంపే కాగితం ఒకటుంది. హర్యానా, రాజస్థాన్‌లలో హక్ త్యాగ్ అంటారు. ఢిల్లీలో రిలింక్విష్‌మెంట్ డీడ్ అంటారు. మన దగ్గర హక్కు విడుదల పత్రం.

హిందీ, ఇంగ్లీషు కాగితాలు తెలుగులో చదివి చెప్పడం మేము చేసే సేవల్లో ఒకటి. అద్దె అగ్రిమెంట్లు, ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు నోటీసులు వస్తుంటాయి. ఒక ఆదివారం లంగర్ అయ్యాక ఒక తెలుగు అక్కయ్య ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టిన కాగితం ఇచ్చారు. తండ్రి కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరై, వచ్చిన డబ్బుతో పశ్చిమ ఢిల్లీలో చిన్న ఫ్లాట్ కొన్నారు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. వీలునామా లేదు. తల్లి, ఇద్దరు అన్నదమ్ములు, ఈమె. "సంతకం పెట్టడానికి రేపు రమ్మన్నారు. నాకేమీ వద్దు. ఇందులో ఏముందో తెలిస్తే చాలు" అన్నారు.

చదివి చెప్పాం. స్వచ్ఛందంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ప్రేమాభిమానాలతో తన వాటా వదులుకుంటున్నట్టు ఉంది. అలాంటి కాగితాల్లో ఆ మాటలు ఎప్పుడూ ఉంటాయి, ముందే టైపు చేసి ఉంటాయి. రెండో పేజీలో తల్లి పేరు కూడా ఉంది. నాలుగు వాటాల్లో కూతురి వాటాతో పాటు తల్లి వాటా కూడా కొడుకులకు పోతుంది. ఆ అక్కయ్య అప్పటిదాకా నెమ్మదిగా వింటున్నవారు అక్కడ ఆగారు. "అమ్మది కూడానా?" అన్నారు.

మేము అడిగింది ఒక్కటే. ఈ సంతకం పెట్టనంటే ఏమవుతుంది అక్కయ్యా అని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, "పండక్కి పిలవరు. రేపు మా ఇంట్లో ఏదైనా గొడవ వస్తే వెళ్లడానికి గడప ఉండదు." పుట్టింటి పసుపు కుంకుమ అనే మాట మనకు ఎంత తియ్యనిది! ఆ తియ్యదనానికి ఇంత ధర ఉంటుందని ఆ కాగితం చూస్తే తెలుస్తుంది. అత్తింట్లో ఆమె పరాయి ఇంటి నుంచి వచ్చిన పిల్ల. పుట్టింట్లో పరాయి ఇంటికి పోయిన పిల్ల. రెండు ఇళ్లూ ఆమెవే అంటారు, ఏ ఇంటి కాగితంలోనూ ఆమె పేరుండదు. ఉన్నచోట కొట్టివేయడానికి ఆమె సంతకమే కావాలి.

త్యాగం గొప్పదే. గురు తేగ్ బహాదూర్ జీ శిరస్సునే ఇచ్చిన ఈ నగరంలో త్యాగం గురించి తక్కువగా మాట్లాడే సాహసం మాకు లేదు. అయితే ఆయన ఇచ్చారు, భయపడి ఇవ్వలేదు. ఇవ్వను అనగలిగిన చెయ్యి ఇచ్చినప్పుడే అది దానం. గడప మూసుకుపోతుందన్న భయంతో ఇచ్చేది సుంకం. సోదరుల్లో చాలామందికి తాము సుంకం వసూలు చేస్తున్నామన్న స్పృహ కూడా ఉండదు. "మా అక్క దేవత, ఏమీ అడగలేదు" అని నలుగురిలో చెప్పుకుంటారు. నిజంగా ప్రేమతోనే అంటారు. మనసు చేసే మాయ ఎక్కడుందంటే, ఎదుటివారి భయాన్ని మన కళ్లకు ప్రేమలా చూపించడంలో ఉంది.

ఆ అక్కయ్య మర్నాడు వెళ్లలేదు. కాస్త టైమ్ కావాలని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పారు. రెండు నెలలు మాటలు ఆగిపోయాయి, ఆ రెండు నెలలూ ఆమె చాలా బాధపడ్డారు, అది దాచిపెట్టడం మంచిది కాదు. చివరకు కుదిరింది ఇది: తల్లి వాటా తల్లి పేరునే ఉంది. ఈమె తన వాటాను చిన్న తమ్ముడికి ఇచ్చారు, అతనికి నడవలేని కొడుకున్నాడు. పెద్దన్నయ్య ఇంకా కాస్త ముభావంగానే ఉన్నారట. సొంతానికి ఏమీ ఉంచుకోలేదు కదా, ఇంతోటి దానికి ఇంత రాద్ధాంతమా అని ఎవరైనా అనవచ్చు. ఎవరికి ఇవ్వాలో ఈసారి ఆమె చెప్పారు. తల్లి వాటా పోకుండా ఆగింది. మాకు అది చిన్న విషయంగా కనిపించలేదు.

సంతకం మాట వచ్చింది గనుక ఢిల్లీలోనే ఉన్న ఒక చరిత్ర చెప్పాలి. 1708లో నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ జీ జ్యోతిలో కలిసిపోయిన తర్వాత, దాదాపు నలభై ఏళ్లపాటు పంథ్‌కు దిక్కుగా నిలిచింది ఢిల్లీలో ఉన్న మాతా సుందరీ జీ. కొడుకును పోగొట్టుకున్న తల్లి, భర్తను పోగొట్టుకున్న స్త్రీ. ఆమె ముద్రతో హుకుంనామాలు సంగత్‌లకు వెళ్లేవి. అమృత్‌సర్‌లో హరిమందిర్ సాహిబ్ సేవ చక్కబెట్టడానికి భాయీ మనీ సింగ్ జీని పంపింది ఆమే. 1747లో ఆమె పరమపదించారు. ఆమె నివసించిన చోట ఇప్పుడు మాతా సుందరీ గురుద్వారా ఉంది, ఆ రోడ్డుకు కూడా ఆమె పేరే. మొగల్ పాలకుల కళ్లముందు, ఒక స్త్రీ ముద్ర చూసి పంథ్ నడిచింది. ఆ ముద్రను ప్రశ్నించని సమాజంలో, ఈరోజు కాగితం మీద తన పేరు ఎందుకు కొట్టేస్తున్నారని అడిగిన కూతురు గయ్యాళి అవుతోంది.

ఇంకా వెనక్కి వెళ్తే గురు అంగద్ దేవ్ జీ ధర్మపత్ని మాతా ఖీవీ జీ ఉన్నారు. లంగర్ బాధ్యత ఆమెది. గురు గ్రంథ్ సాహిబ్‌లో ఆమె పేరు ఉంది. కథల్లో ఆమెను వంట బాగా చేసిన ఇల్లాలిగా చెప్పి ఊరుకుంటారు, మాకు అది నచ్చదు. వందలమందికి రోజూ సరుకు తెప్పించడం, నిల్వ చూడటం, ఎవరికీ తక్కువ కాకుండా పంచడం అంటే అది పాలన. గరిటె పట్టుకున్నదని దాన్ని పాలన కాదనుకుంటున్నాం.

రాజకీయాల్లో కూడా ఇదే తమాషా. 1925 గురుద్వారా చట్టంతో సిక్కు స్త్రీలకు గురుద్వారా ఎన్నికల్లో ఓటు వచ్చింది. శిరోమణి కమిటీకి ఒక స్త్రీ, బీబీ జాగీర్ కౌర్, అధ్యక్షురాలు కావడానికి 1999 దాకా పట్టింది. పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. సర్పంచ్ ఆమె, కుర్చీలో ఆమె భర్త, హిందీలో దానికి సర్పంచ్ పతి అని పేరు కూడా పెట్టేశారు. ఇక్కడా సంతకం ఆమెది, నిర్ణయం ఆయనది. లోక్‌సభలో, శాసనసభల్లో మూడోవంతు స్థానాల చట్టం 2023 సెప్టెంబరులో వచ్చింది. రేపు అక్కడా ఎంపీ పతులు తయారవుతారని ఇప్పటినుంచే జోకులు వేసేవాళ్లున్నారు.

ఆ జోకులు వేసేవారికి పశ్చిమ బెంగాల్ సంగతి చెప్పాలి. అక్కడి గ్రామాల్లో పరిశోధకులు ఒకే ఉపన్యాసాన్ని కొందరికి మగ గొంతుతో, కొందరికి ఆడ గొంతుతో వినిపించారు. స్త్రీ నాయకత్వం ఎరగని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు, మాట ఒక్కటే అయినా. స్త్రీ ప్రధాన్ పనిచేసి వెళ్లిన ఊళ్లలో ఆ తేడా పోయింది. ఆశ్చర్యమేమిటంటే, నాయకుడిగా మగవాడే ఉంటే బాగుంటుందన్న ఇష్టం మాత్రం అక్కడా అలాగే ఉంది. మనసు మారలేదు, కళ్లు మారాయి. వరసగా రెండుసార్లు స్త్రీ నాయకత్వం చూసిన ఊళ్లలో పిల్లల చదువులో ఆడ మగ తేడా కూడా చెరిగిపోయింది. మనసు మారేదాకా ఆగుదామంటే ఎన్ని తరాలు ఆగాలో. ముందు కుర్చీ ఇస్తే మనసు వెనక నడిచి వస్తుంది, కుంటుకుంటూనైనా.

మన తెలుగువాళ్లకు ఈ సంగతి బెంగాల్ నుంచి తెచ్చి చెప్పనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణం మీదికి లేచారు. ఇంట్లో తన్నులు, కూలి డబ్బులు దుకాణానికి పోవడం, ఎక్సైజ్ ఆదాయం మీద నడిచే ప్రభుత్వం, ఈ మూడూ ఒకే తాడని వాళ్లకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నిషేధం నిలవలేదు గానీ, వాళ్లు చూపించిన తాడు ఇంకా అక్కడే ఉంది.

పింక్ లైన్ మెట్రోలో దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అనే స్టేషన్ పేరు వినిపిస్తే, ఆమె మన రాజమండ్రి బిడ్డ అని పిల్లలకు చెప్పండి. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు ఆమెకు. ఆ పెళ్లిలోంచి బయటకు వచ్చి, చదువుకుని, లాయరై, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఢిల్లీలోని తెలుగు పిల్లలకు బడి ఉండాలని ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ మొదలుపెట్టిందీ ఆమే. ఇంటి గొడవలకు వేరే కోర్టులు కావాలని ఆమె 1950లలోనే అన్నారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది.

మనసును మార్చవచ్చా అని కొందరు నిరాశగా అడుగుతారు. హర్యానాలో సోనీపత్, పానీపత్, రోహ్‌తక్, ఝజ్జర్ జిల్లాల్లో 314 ప్రభుత్వ బడులతో ఒక ప్రయోగం జరిగింది. అందులో కొన్ని బడుల్లో ఏడు, ఎనిమిది తరగతుల నుంచి రెండున్నరేళ్లపాటు పిల్లల చేత ఆడ మగ తేడాల గురించి మాట్లాడించారు. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు, ఎందుకు చేస్తారు అని. ఆ పిల్లల అభిప్రాయాలు మారాయి, బడి వదిలాక కూడా ఆ మార్పు నిలిచింది. మగపిల్లలు ఇంటిపని ఎక్కువ చేస్తున్నామని చెప్పారు. కొండలు కదిలిపోలేదు, ఆరింట ఒకవంతు మంది పాత అభిప్రాయం వదిలారు. పదమూడేళ్ల పిల్లవాడు కంచం కడిగితే ఇంట్లో ఏమనుంటారో మనం ఊహించుకోవచ్చు. నాయనమ్మే ముందు లేచి లాక్కుని ఉంటుంది.

సిక్కు సమాజంలో కూడా కదలిక ఉంది. ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2001 ప్రాంతంలో ప్రతి 100 మంది ఆడపిల్లలకు 130 మంది మగపిల్లలు పుట్టేవారు. 2019-21 నాటికి అది 110కి వచ్చింది. చట్టం భయం కొంత, చదువు కొంత, గురువాక్కును మళ్లీ చెవినబెట్టుకున్న తల్లిదండ్రులు కొంత. ఏది ఎంత అని విడదీసి చెప్పడం కష్టం.

కాబట్టి సంగత్ జీ, మీకు మా విన్నపాలు రెండున్నాయి. మొదటిది లంగర్ గురించి. తందూర్ దగ్గర, తవా దగ్గర చూడండి, పిండి ముద్దలు చేసి రొట్టెలు ఒత్తేవారిలో స్త్రీలే ఎక్కువ కనిపిస్తారు. వచ్చే మైకు ముందు, కమిటీ బల్ల ముందు ఎవరు కూర్చుంటారో కూడా చూడండి. మీ మీ గురుద్వారాల్లో నెలకు రెండు ఆదివారాలు ఈ రెండు చోట్ల మనుషులను మార్చి చూడమని కమిటీలను అడగండి. గ్రంథ్ సాహిబ్ పాఠం చేయడానికి, కీర్తనకు స్త్రీకి అడ్డేమీ లేదు, రహిత్ మర్యాద అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పేది అలవాటే.

రెండోది సంతకాల గురించి. మీ అక్కచెల్లెళ్ల చేత, అమ్మ చేత ఏదైనా ఆస్తి కాగితం మీద సంతకం పెట్టించాల్సి వస్తే, నెల ముందు ఆ కాగితం నకలు వాళ్ల చేతికివ్వండి. సంతకం పెట్టకపోయినా పండక్కి పిలుస్తామని నోటితో చెప్పండి. చెప్పాక వాళ్లు పెడితే పెట్టనివ్వండి. అమ్మలూ, అక్కలూ, మీకు అలాంటి కాగితం వస్తే తొందరపడకండి. అది రిజిస్ట్రేషన్ అయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. సంపాదన ఎంతైనా సరే, స్త్రీలకు ఉచిత న్యాయసహాయం 1987 చట్టం కింద హక్కు. తీస్ హజారీ, సాకేత్, రోహిణి, ద్వారక, కడ్కడ్‌డూమా కోర్టు ఆవరణల్లో దానికి కార్యాలయాలున్నాయి, వకీలును వాళ్లే ఇస్తారు. అక్కడికి వెళ్లేముందు కాగితంలో ఏముందో తెలుసుకోవాలనుకుంటే ఆదివారం లంగర్ అయ్యాక మా దగ్గరికి తీసుకురండి. ప్రతి పేజీ తెలుగులో చదివి వినిపిస్తాం. మీ వెంట ఎవరినైనా తెచ్చుకోవచ్చు, ఒంటరిగానైనా రావచ్చు. రెండో పేజీ దాకా తప్పకుండా చదివించుకోండి.